రెండో కోత

"మళ్ళా కోసినారు మే!" అని కంపెనీ బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచింది కృపామణి.

పక్క సీట్లో కునుకు తీస్తున్న గ్రేసీ ఉలిక్కిపడింది. "ఏందే? ఏం కోసినారు?"

"నా అకౌంట్లో దుడ్లు. పోయిన నెల ఐదొందలు పోతే బ్యాంకోళ్ళ చార్జీ ఏమోలే అనుకుని గమ్మునుండిపోయినా. ఈ నెలా అంతే పోయినాయి. సూడు, ఏదో సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షనంట. ఫొటోల్లో మొహాలు తెల్లగా చేసేదంట."

గ్రేసీ ఫోన్ లాక్కుని చూసింది. "నువ్వు తీసుకోకుండా ఎట్ల కోస్తారు? కార్డు నంబరు ఎవురికన్నా చెప్పినావా?"

కృపామణి తల అడ్డంగా ఊపబోయి ఆగింది. ఆ నంబరు తనకు కాక తెలిసింది ఒక్కడికే, మొగుడు గుణశేఖర్‌కి. కంప్యూటర్ ఉద్యోగమని విమానమెక్కి విదేశానికి పోయిన ఆ మహానుభావుడి ఫోన్ రెండు నెలలుగా మోగడం లేదు. అక్కడ ఎవతినో తగులుకున్నాడని సత్యవేడులో వీధి వీధంతా కోడై కూస్తుంటే, కాదు కాదని అందరి మీదా గొంతు చించుకున్న పిచ్చిమొహం ఈమె ఒక్కతే.

"వాడేనే," అంది. "రాయిలాగ బతికే ఉండాడు. నాకు ఫోన్ చేసేదానికి తీరిక లేదు గానీ, ఎవతికో సూపించేదానికి మొహం తెల్లగా చేసుకుంటా ఉండాడు. అదీ నా కష్టంతో!"

ఏడుపు రావాల్సింది పోయి ఒళ్ళు మండింది. మెసేజీ కిందే 'సందేహాలుంటే మా ప్రతినిధితో చాట్ చేయండి' అని ఒక లింకు ఉంది.

"నొక్కొద్దే తల్లీ," అని చెయ్యి పట్టుకుంది గ్రేసీ. "అన్నీ దొంగ లింకులు. ఉన్నది కూడా ఊడ్చుకుపోతారు."

"పోనీ. వాడో కాదో నాకు ఈ పొద్దే తేలిపోవాల. వాడేనంటే ఈడనే కార్డు మూసేస్తా. మొగుడని ఇంక వాడి పేరెత్తను. ప్రభువు సాక్షి."

తేలడానికి ఎక్కువసేపు లేదు. శ్రీ సిటీలో కంపెనీ గేటు దగ్గర ఫోన్లు సెక్యూరిటీ చేతికి ఇచ్చేయాలి. మళ్ళీ చేతికొచ్చేది షిఫ్టు అయ్యాకే. కృపామణి లింకు నొక్కింది. ఏ భాష అని అడిగితే తెలుగు అంది.

'నమస్కారం. మీ పేరు, ఊరు చెప్పండి.'

'కృపామణి. సత్యవేడు. నా దుడ్లు కోసింది ఎవురో చెప్పు.'

అవతల 'టైప్ చేస్తున్నారు' అని వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది.

'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. ప్రస్తుతం మీ పక్కన ఎవరైనా ఉన్నారా?'

"సూసినావా!" అని గ్రేసీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒంటరిగా ఉండావేమోనని అడగతా ఉండారు. పోలీసాయన ఉండాడని కొట్టు."

అలాగే కొట్టింది.

'చాలా మంచిది,' అని వెంటనే జవాబు వచ్చింది.

"పోలీసంటే మంచిదంటాడేందే వీడు?" అని గ్రేసీ నోరు తెరిచింది.

'దయచేసి మీ కార్డును మూసివేయవద్దు,' అని ఇంకొకటి.

కృపామణికి కోపం నెత్తికెక్కింది. 'మూసేస్తే మళ్ళా కోసేదానికి ఉండదనా? అడిగినదానికి చెప్పు. ఇది తీసుకునింది గుణశేఖరేనా?'

'వివరాలు పరిశీలిస్తున్నాము.'

'పరిశీలించేదేముంది? వాడు నా మొగుడు. వాడికి నేనక్కర్లేదు, నా కార్డు కావాల. వాడు సచ్చినాడని ఈ పొద్దే మా అత్తకు చెప్పేస్తా.'

మళ్ళీ 'టైప్ చేస్తున్నారు'. ఆగిపోయింది. ఈసారి చాలాసేపు ఆగింది. బస్సు పెద్ద రోడ్డు దిగి కంపెనీల మధ్యకు తిరిగింది.

'మీ ఓపికకు ధన్యవాదాలు.'

"వీడి ఓపిక మండ," అని పళ్ళు నూరింది కృపామణి.

బస్సు ఆగింది. అందరూ దిగి వరస కట్టారు. గేటు దగ్గర సెక్యూరిటీ వెంకటేశ్వర్లు ఫోన్ల ట్రే ముందుకు జరిపాడు. "ఫోన్ ఈడ పెట్టమ్మా. ఎనక జనం ఉండారు."

"ఒక్క నిమిషం అన్నా, నీకు పుణ్యముంటాది."

"దినామూ ఇదే పాట. లోపల సారు సూస్తా ఉండాడు. నా ఉద్యోగం తీయించేటట్టు ఉండావే!"

కృపామణి వరసలోంచి పక్కకు జరిగింది. పెళ్ళయి మూడేళ్ళు కూడా నిండలేదు. ఇంతేనా బతుకు అనిపించింది. కళ్ళు తుడుచుకుని చివరి మాట కొట్టింది. 'మూసేస్తా ఉండా. నీకూ వాడికీ ఒక దండం.'

బ్యాంకు యాప్ తెరిచింది. కార్డును శాశ్వతంగా మూసివేయాలా అని అడిగింది. 'అవును' మీదకు బొటనవేలు పోయింది.

"మే, ఆగు!" అని గ్రేసీ ఆ చెయ్యి గుంజింది. "వాడు ఏదో పెట్టినాడు, సూడు."

తెర మీద చాట్ మెసేజీ. ఈసారి 'దయచేసి' లేదు, 'మీరు' లేదు.

'మణీ, నేనే. కాపలావాడు ఇప్పుడే పక్కకు పోయినాడు. ఇది ఉద్యోగం కాదే, మోసం. ఫోన్లు లాక్కుని మమ్మల్ని తాళమేసి పెట్టినారు, నా చేతికొచ్చే ఈ తెలుగు చాట్ తప్ప బయటికి ఇంకో దావ లేదు. ఇది పోలీసులకి సూపించు. పోయిన నెల దుడ్లు కోస్తే ఎవురు కోసినారని అడగతావనుకున్నా, నువ్వు అడగలా. అందుకే మళ్ళా కోసినా.'