ఘాటు మింగిన బసవమ్మ

"నేను దిగను గాక దిగను! ఈ పాడుకొంపలో దయ్యముందని నువ్వు చెప్పటం, మేం నోళ్ళు తెరుచుకుని వినటం! సిగ్గుండక్కర్లా?"

యలమందయ్య ట్రాక్టరు తొట్టిలోంచే కేకలేశాడు. కొత్తపట్నం సముద్రానికి సరదాగా వచ్చిన జనాన్ని పొద్దుగూకే వేళకి ట్రాక్టరెక్కించి, పాత ఉప్పాఫీసు బంగళాకి తోలుకెళ్ళి దయ్యాన్ని చూపించటం ఏసోబు పని. ఆ సాయంత్రం పదిమంది దాకా వచ్చారు. అందరూ దిగి గుమ్మం దగ్గర గుంపుగా నుంచున్నారు. యలమందయ్య ఒక్కడే మచ్చుకి తెచ్చిన మిరపకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని బిగదీసుకు కూర్చున్నాడు.

"షావుకారు గారు కూడా దిగారయ్యా, నువ్వు దిగవే?" అంది పెళ్ళాం సుబ్బరావమ్మ.

ఆ మాటతో దిగక తప్పలేదు. షావుకారు వెంకయ్య గుంటూరులో మిరపకాయల వ్యాపారి. పిల్లల్ని తీసుకుని సముద్రానికి వచ్చాడని తెలిసే యలమందయ్య కూడా సత్తెనపల్లి నుంచి పెళ్ళాంతో సహా ఊడిపడ్డాడు. ఇంట్లో నలభై టిక్కీల మిరపకాయ బస్తాలకి బస్తాలు పడుంది. అతని కష్టమంతా అందులోనే ఉంది. "సరే, రేపు పొద్దున మచ్చు చూస్తాలే" అన్నాడు షావుకారు. ఆయన సరేనంటే గట్టెక్కినట్టే.

లోపల వంటగదిలో ఏసోబు లాంతరు గోడకి తగిలించి, పొయ్యిలో నిప్పులు రాజేశాడు.

"మన ఇళ్ళల్లో దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేస్తాం గదండీ. దిష్టుంటే ఘాటు రాదు. ఇదీ అంతే. దొరలకి వండిపెట్టిన బసవమ్మ ఈ పొయ్యి ముందే కూలబడి చచ్చిపోయింది. అప్పట్నించీ ఇక్కడ ఎన్ని కాయలు కాల్చినా ఘాటంతా ఆవిడే మింగేసిద్ది. చూడండి."

గుప్పెడు కాయలు నిప్పుల్లో పడేశాడు. అవి నల్లగా మాడిపోయాయి గానీ ఒక్కరికీ తుమ్ము రాలేదు. ఆడవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

యలమందయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపవయ్యా నీ నాటకం! అవేం కాయలు? తెల్లబారిన తాలుకాయలు! వాటిల్లో కారం ఎక్కడ ఏడిసింది? ముప్పయ్యేళ్ళుగా మిరప పండిస్తన్నవాణ్ణి, మా ఊళ్ళో హేతువాద సంఘం పెట్టినవాణ్ణి, నా ముందరా నీ ఆటలు? పనికిరాని సరుకు చూపించి జనాన్ని మోసం చేస్తావా?"

ఏసోబు ఏమాత్రం తొణకలేదు. "నా కాయ మీద నమ్మకం లేపోతే మీ కాయే వెయ్యండి."

"వేస్తా! ఎందుకెయ్యనూ?"

సుబ్బరావమ్మ చొక్కా పట్టుకు లాగింది. "వద్దులేవయ్యా! ఆ సంచి ముట్టుకోమాకు. వెళ్ళిపోదాం రా."

"నువ్వు కూడా భయపడతన్నావా? ఛీ! నీ మొగుడు ఎవరనుకున్నావు?" అని ఆమె చెయ్యి విదిలించేసి, యలమందయ్య సంచి విప్పాడు. గుప్పెడు కాయలు లాంతరు ముందు పెట్టి షావుకారు వైపు తిరిగాడు. "ఇదండీ కాయంటే! ఎట్టా మెరుస్తందో చూడండి! ఇది నిప్పుల్లో పడితే కొత్తపట్నంలో కుక్కలు కూడా తుమ్మాల్సిందే. అందరూ ముక్కులు మూసుకోండి!"

అందరూ మూసుకున్నారు. కాయలు చిటపటమన్నాయి. కాసేపటికి ఒక పెద్దావిడ మెల్లిగా ముక్కు మీద కొంగు తీసి గాలి పీల్చింది. ఏమీ లేదు. ఒక్కొక్కరే చేతులు దించేశారు.

యలమందయ్య ఇంకో గుప్పెడు పోశాడు. ఆనక ఇంకోటి. పొయ్యిలోకి మొహం పెట్టి గట్టిగా పీల్చాడు. కనుబొమ్మలు కాస్త కమిలాయి గానీ కళ్ళల్లో నీటిచుక్క లేదు.

"అమ్మో, ఉందే తల్లీ!" అని ఎవరో గుమ్మం వైపు పరిగెత్తారు.

"లేదు! దయ్యం లేదు, గియ్యం లేదు!" యలమందయ్య గొంతు చించుకున్నాడు. "సముద్రపు గాలికి కొట్టుకుపోతంది, అంతే!"

"గాలెక్కడుందయ్యా?" అన్నాడు షావుకారు, లాంతర్లో నిటారుగా నిలబడ్డ మంటని చూస్తూ. ఆయన పొయ్యి దగ్గరికి వచ్చి నింపాదిగా అడిగాడు. "యలమందయ్యా, దయ్యం లేదంటావు."

"లేదంటే లేదండీ! తల తీసి ఇక్కడ పెడతా!"

"సరే, లేదనే అనుకుందాం. మరి నీ కాయలో ఘాటేదీ?"

యలమందయ్య ఇంకో గుప్పెడు కోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

సుబ్బరావమ్మ అతని చెవి దగ్గరికొచ్చి పళ్ళు కొరికింది. "ఘాటు చచ్చిన రెండేళ్ళనాటి పాత కాయకి నూనె రాసి కొత్తకాయ అని చెప్పొద్దని మొత్తుకున్నానా లేదా? ఇప్పుడు చెప్పు సమాధానం!"

ఏసోబు మీద కోపంలో యలమందయ్యకి సంచిలో ఉన్నదేమిటో గుర్తే లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్న నలభై టిక్కీలూ గుర్తొచ్చాయి.

షావుకారు చెప్పుల కోసం వెనక్కి తిరగబోతున్నాడు. యలమందయ్య గబగబా తలగుడ్డ తీసి నడుముకి చుట్టుకుని, పొయ్యి ముందు సాష్టాంగపడి, లేచి, షావుకారు భుజం మీదుగా చీకటి మూలకి చూస్తూ వణికిపోయాడు.

"కదలమాకండి షావుకారు గారూ... బసవమ్మ మీ వెనకే నుంచోనుంది!"