ఆకు సద్దు

నందీశ్ చెవుల మీది హెడ్‌ఫోన్లు భార్య నేత్రావతి మెల్లగా తీసింది.

"నాకూ పెట్టు మామా."

నందీశ్ నమ్మలేకపోయాడు. గౌనిపల్లి మొత్తానికి టెక్నో, హౌస్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతం ఆల్బమ్‌లు వినేది అతనొక్కడే. మాటే లేనిది పాటెట్లయితాదని నవ్విన మనిషి, ఈ సాయంత్రం తనే అడుగుతోంది.

"దీన్ని మొదట్నుంచీ వినల్ల. ఒక ట్రాక్ ఇంకోదాంట్లో యాడ కలిసిందో కూడా తెలీదు. దరువు మీద దరువు పేరుకుంటా వస్తాది," అన్నాడు సంబరంగా. "కడాకు నీకూ నచ్చిందా?"

"నచ్చి కాదు." ఆమె పట్టుపురుగుల షెడ్డు వైపు చూసింది. "పురుగులన్నీ గూళ్ళు కట్టేసినాయి. మొన్నటిదాకా ఆకు తింటా వాన మాదిరి సద్దు చేస్తా ఉండె. నువ్వు ఇవి పెట్టుకొని కూచుంటే నాకు ఆ సద్దే తోడు. ఇంగ అదీ లేదు."

నందీశ్ హెడ్‌ఫోన్లు ఆమెకు పెట్టి ఆల్బమ్ మొదటికి తిప్పాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

"నేత్రా," అని పిలిచాడు.

ఆమెకు వినిపించలేదు.