అరవై సెకండ్లు

సాగర్ సార్ టేబుల్ మీద హెప్సిబా గుప్పెడు వడ్లు పోసింది.

ప్రతి గింజకూ తెల్లటి మొలక ఉంది.

"ఏంది గిది?" అన్నాడాయన, కీబోర్డు పక్కకు జరుపుకుంటూ.

"బుచ్చవ్వ వడ్లు సార్. లక్సెట్టిపేట దగ్గర. మన యాప్‌ల టోకెన్ దొరకక వారం రోజులు కల్లంలనే ఉన్నయి. వాన వడ్డది."

కరీంనగర్‌లో సాగర్ నడిపే చిన్న కంపెనీ, కొనుగోలు కేంద్రంలో వడ్లు అమ్ముకునే వంతు టోకెన్ల కోసం ఒక యాప్ తయారుచేసింది. అందులో స్క్రీన్లన్నీ హెప్సిబా గీసినవే. వాడేవాళ్లకు ఇబ్బంది లేకుండా చూడడమే ఆమె ఉద్యోగం. ఆ మాట తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

టోకెన్ కావాలంటే ఫోనుకు ఓటీపీ వస్తుంది. అరవై సెకండ్లలో కొట్టాలి.

బుచ్చవ్వ పాసుబుక్కులో ఉన్నది కొడుకు నంబరు. కొడుకు మస్కట్‌లో ఉన్నాడు, నంబరూ అతనితోనే పోయింది. డ్యూటీలో ఫోను లాకర్లో పెట్టాలి.

ఆ కల్లంలో పదకొండు ఇళ్లది ఇదే గోస.

"వాళ్లకు అవగాహన లేదు," అన్నాడు సాగర్. "నంబరు మార్పించుకోవాలె గదా. టోకెన్లు ఎందుకు దొరకలేదని మనం రాసిన రిపోర్టుల గదే ఉన్నది. వాడేటోళ్ల తప్పు."

"తప్పు మనది సార్."

"మనది అంటే నీది. గీసింది నువ్వే." ఆయన గొంతు పెంచలేదు. "డిజైన్‌ల పీజీ చేస్త, సిఫారసు లెటర్ ఇయ్యమన్నవ్. టైపు చేసి పెట్టిన. రిపోర్టు మీద సంతకం పెట్టి తీస్కపో."

సాయంత్రం ఆరింటికి దరఖాస్తు గడువు. లెటర్ లేకపోయినా ఫారం తీసుకుంటారు. ఇంటర్వ్యూకు పిలవడమే కష్టం.

పొద్దున్నే పెద్దపల్లిలో ఇంటి నుంచి తన అవ్వ ఫోన్ చేసింది. "నీ సీటు కోసం చర్చిల అందరం ప్రార్థన చేసినం బిడ్డా."

హెప్సిబా పెన్ను తీసుకుంది.

రిపోర్టులో 'వాడేవారి అవగాహన లోపం' అన్న వరుసను కాగితం చిరిగేదాకా కొట్టేసింది. పైన 'డిజైన్ తప్పు' అని రాసి సంతకం చేసింది.

"లెటర్ మీరే ఉంచుకోండ్రి సార్."

హాస్టల్‌కు వచ్చి లాప్‌టాప్ తెరిచింది.

దరఖాస్తుతో పాటు తను చేసిన పనులు పంపాలి. మొదటి పేజీలో ఆ ఓటీపీ స్క్రీనే ఉంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నది అదే. కింద 'ఒక్క నిమిషంలో టోకెన్' అని గొప్పగా రాసుకుంది.

తీసేద్దామనుకుంది. తీయలేదు. కింది మాట మాత్రం చెరిపేసింది.

'ఊళ్లవాళ్ల నంబర్లు గల్ఫ్‌లో ఉంటాయని నాకెవరూ చెప్పలేదు' అని రాసింది.

చదువుకుంది. సాగర్ మీద రానంత కోపం తన మీద వచ్చింది.

ఇంటర్లో స్కాలర్‌షిప్ ఓటీపీ బాపు ఫోనుకు వస్తే, దుబాయిలో ఆయన షిఫ్టు దిగేదాకా, అవ్వతో నెట్ సెంటర్ మెట్ల మీద కూర్చున్నది తనే.

ఆరుకు ఐదు నిమిషాలుంది.

ఆ వాక్యమూ చెరిపి, రెండే మాటలు రాసి పంపింది.

'నేను మరిచిపోయాను.'