పులికంపకు అమ్మ పోసింది

"అవ్వా, ఆపు! గా నీళ్లెందుకు చల్లుతున్నవ్?" ఫారెస్టు ఆఫీసరు నర్సింగరావు జీపులోంచి దూకాడు.

అమ్రాబాద్ అడవిని మింగేస్తున్న పులికంప అనే కలుపుపొదను చంపాలని అతనే దాని ఆకులకు తెగులు అంటించాడు. పదిచోట్ల అంటిస్తే తొమ్మిదిచోట్ల తెగులే ఎండకు మాడిపోయింది. మిగిలిన ఒక్కచోటా ఈమె వైద్యం!

గొర్లు కాసే బీరమ్మ వేపమండ దించలేదు. "అమ్మ పోసింది సారూ. ఆకునిండ పొక్కులే! వారం దినాలసంది చెట్టుచెట్టుకు చల్లుతున్న. అయినా పాకుతనే ఉంది, పాపం."

నర్సింగరావు తలెత్తి చూశాడు. వాగుదాకా మచ్చలే! తెగులుకు కావలసిన తడినీ, దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసుకెళ్లే వేపమండనూ ఈమే ఇచ్చింది.

టోపీ ఎగరేసి గంతేశాడు. "అవ్వా, జర గా గుట్టమీది కంపకు గూడ చల్లు!"

"దానికి అమ్మ రాలే గద సారూ?"

"నువ్వు చల్లు, వస్తది!"