ఇంటికొక సిపాయి

యుద్ధం మొదలైన ఏడు చెన్నరాయప్పకు ఉన్నదల్లా బళేపేటలో ఒక గాజుల అంగడి, దాని వెనక తేమ కంపు కొట్టే కొట్టు, ఒక్కగానొక్క కొడుకు గోపాలప్ప. నాలుగో ఏటికి ఆ కొట్టు నిండా ఖాకీ గుడ్డ. పటాలానికి చొక్కాలు కుట్టించి పంపే కాంట్రాక్టు దొరికింది. కొడుకు మాత్రం ఒక్కడే. ఇప్పుడు ఆ ఒక్కడికే ఎసరొచ్చింది.

"పటాలం దొర మండిపడతా ఉండాడప్పా," అన్నాడు జయరామప్ప, అంగడి అరుగు మీద తాంబూలం నములుతూ. పటాలానికి మనుషుల్ని చేర్చిపెట్టడం అతని పని. "ముందు ఈ పేట నుంచి ఎంతమంది పోయిరి! ఇప్పుడు ఒక్కడు రాడు. ప్రతి ఇంట్లో దుడ్డు ఉండాది. సంపాదించేది వీళ్ళు, చచ్చేది పల్లెటూరోళ్ళా అని అడుగుతా ఉండాడు. కాంట్రాక్టు నిలవల్లంటే ఇంటికొకణ్ణి పంపల్లంట."

"నాకుండేదే ఒకడు కదప్పా!"

"దొరకు కావాల్సింది నీ కొడుకు పేరు. మొగం ఎప్పుడన్నా చూసినాడా?"

చెన్నరాయప్పకు ఉపాయం అందింది. లేచి వెనక సందులోకి నడిచాడు.

అక్కడ నూలు దొరక్క మగ్గం ఆగిన ఇల్లు మునివెంకటమ్మది. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఓబళప్ప, ఆవులప్ప. ఇద్దరికీ ఎముకల మీద చర్మం తప్ప మరేమీ లేదు.

"నీ పెద్దోడు నా కొడుకు పేరుతో పటాలానికి పోనీ. నీకు నెలనెలా బియ్యం పంపుతా. తిరిగొస్తే వానికి అంగట్లో పని."

"తిరిగి రాకపోతే?" అంది మునివెంకటమ్మ.

"అయినా బియ్యం ఆపను."

ఓబళప్ప తల్లిని మాట్లాడనివ్వలేదు. "నేను పోతానప్పా. అక్కడ పూటపూటకూ కూడు పెడతారంట కదా?"

జయరామప్ప వాణ్ణి బియ్యం మండీకి తీసుకుపోయి, మూటలు తూచే తక్కెడలో కూర్చోబెట్టాడు. చూసి పెదవి విరిచాడు. "డాక్టరు తోలేస్తాడు. షావుకారు కొడుకంటే వీణ్ణి చూసి ఎవరు నమ్ముతారు? రెండు నెలలు మేపప్పా."

మేపడమన్న మాటకు అక్కడ ఎవరూ నొచ్చుకోలేదు.

గోపాలప్పను యుద్ధం ముగిసేదాకా మదనపల్లెలో మేనత్త ఇంట్లో దాచారు. అతని కంచం ముందు ఓబళప్ప కూర్చున్నాడు. మొదటిరోజు ఆబగా తిని, తిన్నదంతా పెరట్లో కక్కాడు. చెన్నరాయప్ప ముక్కు మూసుకుని, మళ్ళీ వడ్డించమన్నాడు.

వారం తిరక్కముందే ఓబళప్ప తన ముద్దలో సగం, నెయ్యితో సహా, ఆకులో కట్టుకుని పోవడం మొదలుపెట్టాడు.

"ఎవరికిరా అది?" అంది చెన్నరాయప్ప భార్య.

"తమ్మునికమ్మా. వాడు పస్తుంటే నాకు గొంతు దిగదు."

ఆవిడ పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. ఆ రోజు నుంచి ఇంకో ముద్ద ఎక్కువ పెట్టింది.

"నేను మేపేది ఒకణ్ణా, ఇద్దర్నా?" అని చెన్నరాయప్ప గొణిగాడు. కానీ ఊరుకున్నాడు. ఓబళప్ప తిన్న తిండికి ఊరికే కూర్చునేవాడు కాదు. అంగట్లో ఆడవాళ్ళ చేతులు నొక్కి, నొప్పి తెలియకుండా గాజులు తొడగడం నేర్చాడు. బేరం నేర్చాడు. కాలికి చెప్పులొచ్చాయి. ఒకరోజు "నెయ్యి కంపు కొడతా ఉండాది" అని కంచం పక్కకు నెట్టాడు. షావుకారు బిడ్డ లక్షణం వచ్చేసిందని చెన్నరాయప్ప మురిసిపోయాడు.

"పటాలమంటే భయమైతాందా?" అని అడిగాడు ఆ సాయంత్రం.

"ముందు కాలేదప్పా. ఇప్పుడైతాంది."

"ఇప్పుడెందుకురా?"

"అప్పుడు నాకాడ పోగొట్టుకునేదేముండె?"

చెన్నరాయప్ప గొంతు పెంచాడు. "మాట తప్పితే నా కాంట్రాక్టు గోవిందా. మీ అమ్మకు బియ్యమూ గోవిందా."

"దిగులు పడొద్దప్పా. రైలు టయానికి మనిషుంటాడు."

డాక్టరు పరీక్ష రోజు, ఎవరైనా గుర్తుపడతారని చెన్నరాయప్ప పటాలముండే దండు వైపే పోలేదు. బరువు సరిపోయిందని జయరామప్ప కబురు తెచ్చాడు.

రైలు కదిలే రోజు దండు స్టేషన్‌లో బ్యాండు మోగింది. "గోపాలప్ప, చెన్నరాయప్ప కొడుకు!" అని హవల్దారు కేకేశాడు. టోపీ కనుబొమల దాకా దించుకున్న సిపాయి ముందుకొచ్చాడు. దండ వేయబోతూ చెన్నరాయప్ప చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పక్కన దొర ఉన్నాడు. దండ మెడలో పడింది. ఫోటో తీశారు.

మునివెంకటమ్మ ప్లాట్‌ఫారం మీద పడి దొర్లింది.

"ఎవరామె?" అన్నాడు దొర.

"వాళ్ళింటి పనిమనిషండీ. ఎత్తుకుని పెంచింది," అన్నాడు జయరామప్ప తడుముకోకుండా. ఎంత విశ్వాసమని దొర మెచ్చుకున్నాడు.

లెక్క చూస్తే ఎవరికీ నష్టం రాలేదు. చెన్నరాయప్పకు కాంట్రాక్టు నిలిచింది, కొడుకు దక్కాడు, దేశభక్తుడన్న పేరు అదనంగా వచ్చింది. జయరామప్పకు తల ఒక్కింటికి రావలసిన కమీషన్ ముట్టింది. మునివెంకటమ్మ ఇంటికి బియ్యం మూట చేరింది.

మర్నాడు, రైలెక్కిపోయిన తమ్ముడు ఆవులప్ప కోసం ఏడుస్తున్న తల్లిని కసిరి, ఓబళప్ప వచ్చి అంగడి తలుపులు తీశాడు.