ఉన్నదున్నట్టు దాచిన పేజీ

"వదినా, ఇంకో గంటలో కంపెనీ ఆ పాత వెబ్‌సైటు తీసేస్తోంది. దాంతో అన్నయ్య మీది మచ్చా పోతుంది. ఆ పేజీని పనిగట్టుకుని దాచుకోవడమెందుకు?" అన్నాడు మరిది.

వదిన లైబ్రరీ కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. తెరమీద, ఫ్యాక్టరీ ప్రమాదంలో పోయిన భర్త బాయిలర్ పక్కన నవ్వుతున్న ఫొటో, దాని కింద కంపెనీ ప్రకటన ఉన్నాయి: "ఈ కార్మికుడి అజాగ్రత్త వల్లే పేలుడు జరిగింది."

"ఫొటో ఉంచి ఆ మాట కోసెయ్యొచ్చా అమ్మాయ్?" అని, వెబ్ పేజీలను దాచుకోవడం నేర్పుతున్న లైబ్రేరియన్‌ను అడిగింది.

"కోస్తే అది మీరు తయారుచేసిన పేజీ అవుతుంది పిన్నీ. ఉన్నదున్నట్టు, తేదీతో సహా దాస్తేనే సాక్ష్యం. ఇంతకీ నష్టపరిహారం అడిగిన మీ లాయరుకు కంపెనీవాళ్లు ఏమని జవాబిచ్చారు?"

"తామెప్పుడూ ఆయన్ని తప్పుపట్టలేదని..."

వదిన మాట సగంలో ఆగింది. మూడేళ్లుగా కంటపడితేనే ఒళ్లు మండే ఆ వాక్యాన్ని ఈసారి నిదానంగా చదివింది.

"వద్దు వదినా, మన పరువే పోతుంది," అన్నాడు మరిది.

"మన పరువా? అబద్ధమాడిన వాళ్లు తమ రాత తుడుచుకుంటుంటే నన్ను గుడ్డ అందించమంటావా?"

లైబ్రేరియన్ చూపించిన మీట ఆమే నొక్కింది. పేజీ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి చేరింది.

"ఇప్పుడు నెట్ తీగ పీకి తెరవండి పిన్నీ. అప్పుడూ కనిపిస్తేనే అది మన దగ్గరున్నట్టు."

వదిన తీగ పీకింది. ఫొటో వచ్చింది, దాని కింద వాక్యమూ వచ్చింది. ఆమె దాన్ని ఒక్క అక్షరం తడబడకుండా గొంతెత్తి చదివింది. చుట్టూ ఉన్నవాళ్లు పుస్తకాల్లోంచి తలలెత్తారు.

"మెల్లగా వదినా, అందరూ వింటున్నారు."

ఆమె గొంతు ఇంకాస్త పెంచి తేదీ కూడా చదివింది.