ఫిల్టర్ మూత

"సేటూ, ఈ పిల్లను పనిల పెట్టుకున్నరా? గల్లా పెట్టె జర భద్రం. దీని తల్లి మా ఇంట్ల పనికుండి, మనుమరాలి ఒక కాలి వెండి పట్టీ ఎత్తుకపోయింది."

భారతి ఆ మాట మెల్లగా కూడా అనలేదు. హన్మకొండ చౌరస్తా దగ్గరి ఆ షాపులో వాషింగ్ మిషన్లు చూస్తున్న పదిమందీ తలలు తిప్పారు. ఓనరు వెంకట్రాజం బిల్లు పుస్తకంలోకి తల వంచాడు. ఆ పిల్ల యమున, అక్కడ సేల్స్‌గర్ల్. పళ్ళ బిగువున నవ్వింది.

"రండి మేడం, ఎక్స్‌చేంజిల ఏ మిషన్ తీసుకుంటరో చూద్దాం. మీ పాతది పొద్దున్నే వచ్చింది. అగో, ఆడున్నది."

మూలన ఆ పాత మిషన్ పక్కన మెకానిక్ శేఖర్ స్క్రూడ్రైవర్లు పరుచుకుంటున్నాడు.

"గిన్ని సైకిళ్ళు ఎందుకే? పూలమ్మ ఉన్నప్పుడు ఆమెనే ఏసేది. గిప్పుడు నేను ఒక్క బటనే నొక్కుత," అంది భారతి, కొత్త మిషన్ మీద ఉతికే సైకిళ్ళ పేర్లు రాసున్న నాబు తిప్పుతూ.

తల్లి పేరు ఆ నోట వినగానే యమున మిషన్ ముందుకొచ్చి నిలబడింది. గొంతు పెంచింది. అందరికీ వినపడాలనే పెంచింది.

"ఒక్క బటనే నొక్కితే బట్టలు ఖరాబైతయి మేడం. ఇది క్విక్, పదిహేను నిమిషాలు. చెమట వాసన పోతది గాని మురికి పోదు. ఇది కాటన్, గంటన్నర తిరుగుతది. కాలర్ల మీది జిడ్డు దీంట్లనే పోతది. చంటిపిల్లల బట్టలకు వేడినీళ్ళ సైకిలు. పట్టుకు డెలికేట్, తొట్టె ఊపినట్టు ఊపుతది గంతే. ఇరవై సైకిళ్ళున్నయని కొనొద్దు. మీ ఇంట్ల ఏం బట్టలున్నయో చూసుకొని కొనాలె."

"మా కొత్తవాడల నేసిన జంపఖానా ఏస్తే ఎట్ల బిడ్డా?" పక్కనే నిలబడ్డ చిలుకమ్మ అనే పెద్దావిడ అడిగింది.

"బెడ్డింగ్ సైకిల్ పెట్టు పెద్దమ్మా, చల్లనీళ్ళల్ల. కొత్తదైతే ఒక్కదాన్నే ఎయ్యి. లేకుంటే పెదనాయన బనీన్లన్ని గులాబి రంగుకొస్తయి."

జనం నవ్వారు. ఇంకో నలుగురు దగ్గరికి చేరారు. యమునకు కావలసిందీ అదే.

"ఇగ అసలు ముచ్చట చెప్త, జర అందరు వినుర్రి. ఎంత మంచి సైకిల్ పెట్టినా, నెలకోసారి కింద ఈ ఫిల్టర్ తీసి కడగాలె. జేబుల్ల చిల్లర, పిన్నీసులు, చెవికమ్మలు అన్ని దీంట్లకే వస్తయి. మేడం, మీరెప్పుడన్న తీసిన్రా?"

"ఫిల్టరా? అదేంది?"

"ఆరేండ్లల్ల ఒక్కసారి గూడ తీయలే? తమ్మీ శేఖర్, మేడం వాళ్ళ పాత మిషన్ ఫిల్టర్ ఇప్పు. అందరు చూస్తరు."

శేఖర్ కింది మూత తీసి ఫిల్టర్ తిప్పాడు. కంపు కొట్టే నీళ్ళు పళ్ళెంలోకి కారాయి. ఒక గుండీ, రెండు పిన్నీసులు, ఆ వెనకాలే జుట్టు ఉండలో చిక్కుకుని నల్లబడిన చిన్న పట్టీ. దానికి ఒకే ఒక్క మువ్వ.

భారతి వంగి దాన్ని పళ్ళెంలోంచి తీసుకుంది.

"ఇది... మా మనుమరాలిదే," అంది.

"అయ్యో, ఇంట్ల పెట్టుకొని పనామెను దొంగను చేసిన్రా?" చిలుకమ్మ మొహం మీదే అడిగేసింది.

యమున ఫోన్ తీసి, తల్లి నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి భారతి చేతికిచ్చింది. "మా అవ్వను గల్లీల నిలబెట్టి అన్నరు గదా. గిప్పుడు గీ పదిమంది ముందట చెప్పుర్రి."

"పూలమ్మా..." భారతి ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుంది. "నేను, భారతమ్మను. పట్టీ మిషన్ల దొరికింది. తప్పు నాదే. మనసుల పెట్టుకోకు."

అటువైపు గిన్నెలు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"అప్పుడే చెప్పిన గదమ్మా," అంది పూలమ్మ. "నా బిడ్డ మీద ఒట్టేసి చెప్పిన."

భారతి కొత్త మిషన్ మాటే మరిచి, పట్టీని పిడికిట్లో బిగించి, తలొంచుకుని మెట్లు దిగిపోయింది. యమున ఆమె వెళ్ళినవైపే చూస్తూ నిలబడింది. రెండేళ్ళ పగ తీరింది. తల్లి పేరు మీది మచ్చ పోయింది. బాగా అయింది ఆమెకు!

ఆ పట్టీ యమున కొన్నదే. ఎక్స్‌చేంజి కోసం భారతి ఫోన్ చేసిన రోజే వరంగల్ చౌరస్తాలో వెండికొట్లన్నీ తిరిగి, ఆనాడు గల్లీలో భారతి అందరికీ చూపించిన రెండో కాలి పట్టీని గుర్తుపెట్టుకుని, అచ్చం అలాంటిదే వెతికి కొన్నది. ఉడికిన గుడ్డు పచ్చసొనలో రెండు రోజులు దాచి నల్లబరిచింది. పొద్దున పాత మిషన్ దిగగానే, శేఖర్ రాకముందే ఫిల్టర్‌లో దూర్చింది.

ఎందుకంటే తల్లి మాట ఆమె కూడా నమ్మలేదు. గల్లీ అంతా దొంగ అన్న రోజున, పూలమ్మ స్నానానికి పోయిన సందు చూసి ట్రంకు పెట్టె గాలించింది. ఏమీ దొరక్కపోతే అమ్ముకుని ఉంటుందిలే అనుకుంది. లేనితనం చేయించిందని లోపల్లోపలే క్షమించింది కూడా. భారతిని మాత్రం క్షమించలేదు.

"యమునక్కా, జర ఇటు రా!" పాత మిషన్ వెనక నుంచి శేఖర్ కేకేశాడు. డ్రమ్ము నుంచి ఫిల్టర్‌కు వచ్చే రబ్బరు గొట్టం ఊడదీసి నేల మీద విదిలిస్తున్నాడు. "పోయింది ఒక్క పట్టీనే అన్నది గదా ఆమె? మరి ఈ పైపుల ఇంకోటున్నదేంది!"